బాల్కనీ పీఎం 2.5 మీటరు: రెండు చలికాలాలు వాడాక

గాలిలోని అతి సన్నటి ధూళి రేణువులను (పీఎం 2.5) కొలిచే ఈ మీటరు కొన్నవాళ్లు చాలామంది తెర మీది పెద్ద అంకె చూసి పక్కన పెట్టేస్తారు. దీని విలువంతా నిమిషం నిమిషానికీ గీసే గ్రాఫులోనే ఉంది.

ఎందుకో లెక్క చూడండి. జాతీయ ఏక్యూఐలో (గాలి నాణ్యత సూచీలో) పీఎం 2.5ని 24 గంటల సగటుతో కొలుస్తారు. రోజంతా ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములుండే సందులో రాత్రి ఒక్క గంట చెత్త తగలబెడితే 300కు చేరిందనుకోండి. సగటు 51 దగ్గర ఆగుతుంది. సూచీ 67 నుంచి 85కి పెరుగుతుందంతే. రెండూ 'సంతృప్తికరం' కిందికే వస్తాయి, రంగు కూడా అదే లేతాకుపచ్చ. ఆ గంటలో ఆస్తమా ఉన్న పిల్లాడు కిటికీ పక్కనే పడుకుని ఉంటాడు. పైగా ఆ సూచీకి గాలిని కొలిచే స్టేషను హైదరాబాద్‌లో ఎక్కడో సనత్‌నగర్‌లోనో జూపార్కులోనో, మంట మన సందు చివర. పొద్దున్నే ఫోన్లో ఆకుపచ్చ చూసినవాళ్లకు ఫిర్యాదు చెయ్యాలనే తోచదు. గాలి ఊరందరిదీ అనిపిస్తుంది గానీ మన సందుది అనిపించదు. ఈ గ్రాఫు అక్కడే పనికొస్తుంది. తొమ్మిదింటికి లేచి పదింటికి దిగిన గీత నాలుగు రాత్రులు వరుసగా కనిపిస్తే, ఫొటో, టైము, దగ్గరి కరెంటు స్తంభం నంబరు జతచేసి ఫిర్యాదు పెట్టండి. కాలనీ గ్రూపులో కూడా వెయ్యండి.

డిసెంబరు వచ్చాక మాత్రం ఈ మెచ్చుకోలు కొంత వెనక్కి తీసుకోవాలి. రేణువుల మీద పడి చెదిరిన లేజరు వెలుతురును బట్టి ఇది లెక్క కడుతుంది. తేమ 80 శాతం దాటితే రేణువులు నీరు పట్టి ఉబ్బుతాయి, మంచు బిందువులు కూడా ధూళి ఖాతాలో పడతాయి. తెల్లవారుజామున ఎక్కడా మంట లేకపోయినా అంకె ఎగబాకుతుంది. అందుకే తేమ శాతం రాయకుండా గ్రాఫు పంపొద్దు. ఒక్క తప్పు దొరికితే అసలు మంటల ఫిర్యాదును కూడా పక్కన పడేస్తారు.

పీఎం 10 అంకె నమ్మొద్దు, ముతక దుమ్మును ఈ రకం సెన్సరు సరిగా పట్టదు. తిరగమోత పొగ, సాంబ్రాణి తగలని చోట, చూరు కింద పెట్టండి. కొన్ని నెలలకోసారి స్విచ్చి ఆపి, గాలి లోపలికి వెళ్లే రంధ్రాన్ని మెత్తటి బ్రష్షుతో దులపండి. సాలీడు గూడు కట్టినా అంకె చెడుతుంది. పొడిగా ఉన్న మధ్యాహ్నం పూట దగ్గరి స్టేషను గంట రీడింగుతో పోల్చి, తేడా ఎంతో రాసుకోండి.

చెత్త మంటలున్న సందులో కింది అంతస్తుల్లో ఉండేవాళ్లయితే కొనమంటాను. పదో అంతస్తుకు ఆ పొగ పలచబడి చేరుతుంది, గ్రాఫులో అంత స్పష్టంగా తేలదు. ఇంటి ముందు రోడ్డు తవ్వకం దుమ్మే మీ బాధ అయితే, దీనికి డబ్బు పెట్టకండి.