తోటలో సౌండ్ రూమ్: ఇటుక గది మేలా, కంటైనర్ మేలా?

పొలం గట్టున పాటలు రికార్డు చేసుకునే గది కట్టాలనుకునేవారికి ముందుగా నచ్చేది పాత షిప్పింగ్ కంటైనర్. లారీ మీద తెచ్చి దించితే నాలుగు గోడలు, కప్పు సిద్ధం. నా ఓటు మాత్రం ఇటుక గదికే.

పల్లెలో శబ్దాలు తక్కువేమీ కావు. బోరు మోటారు, ట్రాక్టరు, గుడి మైకు, వానాకాలం రాత్రంతా కప్పలు. వీటిని ఆపేది ముఖ్యంగా గోడ బరువు. కంటైనర్ గోడ దాదాపు 2 మిల్లీమీటర్ల ఇనుప రేకు, చదరపు మీటరుకు సుమారు 16 కిలోలు. 9 అంగుళాల ఇటుక గోడ 400 కిలోల పైమాటే. బరువు రెట్టింపైన ప్రతిసారీ లెక్క ప్రకారం 6 డెసిబెల్స్ దాకా అదనంగా ఆగుతాయి. కోడిగుడ్ల అట్టలు ఎన్ని అంటించినా ఈ లోటు తీరదు.

అసలు చిక్కు కొలతల్లో ఉంది. మామూలు కంటైనర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లు, ఎత్తు 2.39. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే గది మోగే స్వరం తెలుస్తుంది. అలా వెడల్పు వల్ల 73 హెర్ట్జ్ (సెకనుకు 73 కంపనాలు) దగ్గర, ఎత్తు వల్ల 72 దగ్గర గది మోగుతుంది. రెండూ ఒకేచోట పడడంతో బాస్ గిటార్‌లో ఒక స్వరం గుమ్మని లేచి, పక్కవి చప్పబడతాయి. దాన్ని అణచాలంటే గోడలకు మందంగా రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి పీచు) పెట్టాలి. అసలే ఇరుకు గది, ఇక మనిషి ఎక్కడ కూర్చోవాలి?

ఇటుకతో కడితే కొలతలు మన చేతిలో ఉంటాయి. ఎత్తు 10, వెడల్పు 14, పొడవు 19 అడుగులు పెట్టండి. మోతలు 56, 40, 30 హెర్ట్జ్‌లకు విడిపోతాయి. అన్ని వైపులా 10 అడుగులే పెడితే మాత్రం ఇటుక గదిలోనూ అదే బాధ. ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే సిమెంటు ఇటుకలు) వేడిని బాగా ఆపుతాయి కానీ తేలిక. కప్పు స్లాబే వేయించండి, రేకులు వద్దు.

మిగిలిన డబ్బు తలుపు మీద పెట్టండి. గోడలో నూరో వంతు సందున్నా ఆగే శబ్దం 20 డెసిబెల్స్ దగ్గరే నిలిచిపోతుంది. బరువైన చెక్క తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ, కింద గడప తప్పనిసరి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది కనుక, కొత్త గాలికి లోపల రాక్‌వూల్ అతికించిన వంపుల గొట్టం వేరుగా ఉండాలి.

కౌలు భూమి అయితే కంటైనరే దారి, ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు. అప్పుడు 2.69 మీటర్ల ఎత్తుండే హై క్యూబ్ రకం తీసుకోండి, ఎత్తు మోత 64 హెర్ట్జ్‌కు జరుగుతుంది. ఎండా వానా నేరుగా రేకు మీద పడకుండా పైన తాటాకు పందిరి వేయించండి.