వియన్నా కాంగ్రెస్ ఆడియో పాఠాలు: సాక్సనీ ఘట్టం కోసమైనా వినాలి

నెపోలియన్ పతనం తర్వాత వియన్నాలో జరిగిన యూరప్ రాజ్యాల సమావేశమే వియన్నా కాంగ్రెస్. అక్కడ ఆ రాజ్యాల మధ్య అధికార సమతుల్యత ఎలా కుదిరిందో చెప్పే ఈ పాఠాలకు నేనిచ్చేది నాలుగు నక్షత్రాలు. పోలండ్ తనకు కావాలని రష్యా, సాక్సనీ అనే జర్మన్ రాజ్యం మొత్తం తనకే కావాలని మరో జర్మన్ రాజ్యమైన ప్రష్యా పట్టుబట్టిన ఘట్టం అద్భుతం. ఓడిన ఫ్రాన్స్ తరఫున వచ్చిన టాలిరాండ్, 1815 జనవరి 3న ఆస్ట్రియా, బ్రిటన్‌లతో రష్యా, ప్రష్యాలను అడ్డుకునేందుకు రహస్య ఒప్పందం చేసుకుని గెలిచినవాళ్ల సరసన చేరాడు! చివరికి ప్రష్యాకు సాక్సనీలో కొంత భాగమే దక్కింది. డ్రెస్డెన్, లైప్‌జిగ్ నగరాలు సాక్సనీ రాజుకే మిగిలాయి. ఈ భాగం మళ్లీ మళ్లీ విన్నాను. విందులు, నృత్యాల ముచ్చట్లు మాత్రం సాగదీశారు. ఒక్క పటమైనా జతచేయకపోవడం పెద్ద లోపం. సరిహద్దులు కళ్లముందు లేకపోతే ఈ బేరసారాలు బుర్రకెక్కవు. పోలండ్ ప్రజల గోడును ఒక్క వాక్యంతో తేల్చేయడం నాకు అసలు నచ్చలేదు.