కాంట్రాక్టర్ పని చెడగొడితే: వినియోగదారుల కమిషనా, సివిల్ కోర్టా?

అడ్వాన్సు తీసుకున్నాడు, వంటగది సగంలో ఆపేశాడు, ఫోనెత్తడు. ఎక్కడికి వెళ్లాలి? బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్లు బాగు చేయించుకున్న మనవాళ్లు పదేపదే అడుగుతున్నది ఇదే.

ఖర్చులో రెంటికీ పోలికే లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు మీరు కాంట్రాక్టర్‌కి చెల్లించిన సొమ్మును బట్టి ఉంటుంది: 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400 రూపాయలు. సివిల్ కోర్టులో మీరు అడిగే మొత్తం పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది. కమిషన్‌లో లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కాంట్రాక్టర్ ఆఫీసు చెన్నైలో ఉన్నా, మీరుండే బెంగళూరులోనే ఫిర్యాదు చెల్లుతుంది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (గొడవొస్తే కోర్టుకి కాక మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని) ఉన్నా కమిషన్‌కి వెళ్లడానికి అడ్డు కాదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. గడువు మాత్రం తక్కువ: కమిషన్‌కి 2 ఏళ్లు, సివిల్ దావాకి 3.

నా మొగ్గు కమిషన్ వైపే. కానీ అక్కడ కేసు చాలావరకు అఫిడవిట్లు, కాగితాల మీదే నడుస్తుంది. పని లోపం కాగితం మీద కనపడకపోతే గెలవడం కష్టం. చాలామంది చేసే పొరపాటు, కోపంతో వెంటనే ఇంకో మేస్త్రిని పెట్టి పగలగొట్టించేయడం. దాంతో సాక్ష్యమంతా చెత్తలో పోతుంది. ముందు చార్టర్డ్ ఇంజనీరు చేత తనిఖీ చేయించండి. బాత్రూం అయితే నీళ్లుపోయే దారి మూసి 24 గంటలు నీళ్లు నిలిపి, కింది ఫ్లాటు సీలింగ్ ఫొటోలు తీయించండి. టైల్స్ తట్టి చూసి, బోలుగా మోగినవి లెక్క రాయించండి. వంటగది ప్లైవుడ్‌కి ఐఎస్ 710 (నీటికి తట్టుకునే మెరైన్ రకం) అని కొటేషన్‌లో రాసి ఐఎస్ 303 (మామూలు రకం) వేశాడేమో ముద్ర చూడాలి. రిపోర్టులో ఒక్కో లోపం పక్కన దాన్ని సరిచేసే ఖర్చు ఉండాలి. పరిహారం లెక్క అక్కణ్ణుంచే వస్తుంది. వాట్సాప్ సందేశాలు పెడితే భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

బాగు చేయించింది వ్యాపారం నడిపే షాపయితే సాధారణంగా సివిల్ కోర్టే దారి. నోటిమాటతో చేయించిన అదనపు పనుల లెక్కలు బాగా చిక్కుపడినప్పుడూ అదే నయం: సాక్షుల్ని నిలబెట్టి క్రాస్ ఎగ్జామిన్ చేయొచ్చు, పని చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు చేత కమిషనర్‌ని వేయించుకోవచ్చు.

సొంత ఫ్లాటు మరమ్మతులు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పరిధిలోకి రావు. పోలీసు కేసుకి మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. పని ఆగిపోవడం ఒక్కటే చాలదు.

తనిఖీ తేదీ, సమయం రాసి, హాజరు కమ్మని కాంట్రాక్టర్‌కి వారం ముందే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అతను రాకపోయినా, తన వెనక రాయించిన రిపోర్టు అనడానికి వీలుండదు.