నాన్నగారితో ‘డాడ్స్ ఆర్మీ’ ఊళ్ళలో మూడు రోజులు

మా నాన్నగారు 34 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి, చివరి 9 ఏళ్ళు తెనాలిలో బ్రాంచి మేనేజరుగా ఉండి రిటైరయ్యారు. అమ్మతో కలిసి లండన్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా, శనివారం సాయంత్రం బీబీసీ టూలో ‘డాడ్స్ ఆర్మీ’ అనే హాస్య ధారావాహిక పాత ఎపిసోడ్లు మొదలైతే, చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చివరి దాకా చూస్తారు. అందులో ప్రధాన పాత్ర కెప్టెన్ మ్యానరింగ్ కూడా బ్యాంకు మేనేజరే. (ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ‘మెయిన్‌వేరింగ్’ అని చదవబుద్ధవుతుంది కానీ, పలకడం మాత్రం మ్యానరింగ్ అనే.) పగలు బ్యాంకు కుర్చీలో, రాత్రి చర్చి హాల్లో కవాతు చేయించే ఖాకీ దుస్తుల్లో, రెండు చోట్లా తన హోదాను ఒక్క క్షణం కూడా మరిచిపోని ఆ పొట్టి మనిషిని చూసినప్పుడల్లా నాన్నగారు, “ఇలాంటి వాళ్ళ దగ్గర నేను పనిచేశానమ్మాయ్” అని ఎంతో ఆప్యాయంగా చెబుతారు. ఆ ఆప్యాయతే మమ్మల్ని ఈ మే నెలలో నార్‌ఫోక్ కౌంటీకి తీసుకువెళ్ళింది.

ఈ ధారావాహిక తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. 1940 మే 14న బ్రిటన్ యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో మాట్లాడి, జర్మన్ సేనలు దిగితే ఎదుర్కోవడానికి 17 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసున్న పురుషులు స్వచ్ఛందంగా ముందుకు రావాలని పిలుపునిచ్చాడు. వారం తిరక్కుండానే రెండున్నర లక్షల మంది పేర్లు ఇచ్చారు. మొదట ఆయుధాలు లేవు, యూనిఫాం లేదు, చేతికి కట్టుకోవడానికి ఒక పట్టీ మాత్రం ఉండేది. జూలైలో ఆ దళానికి హోమ్ గార్డ్ అని పేరు మార్చారు. హోంగార్డు అనగానే మన పాఠకులకు కూడలిలో ట్రాఫిక్ చూసే మనిషి గుర్తుకు రావడం సహజం. మన దేశంలో 1946లో బొంబాయిలో మొదలైన దళానికి కూడా అదే పేరు. బ్రిటన్‌లోని ఆ దళాన్ని 1944 డిసెంబరులో నిలిపివేశారు. పదహారు పదిహేడేళ్ళ వయసులో అందులో చేరిన జిమ్మీ పెర్రీ తన జ్ఞాపకాల నుంచి ఈ కథను అల్లి, డేవిడ్ క్రాఫ్ట్‌తో కలిసి రాశాడు. జలుబు చేస్తుందని తల్లి మెడకు మఫ్లరు చుట్టి పంపే కుర్రవాడు పైక్ నిజానికి పెర్రీయే. 1968 జూలై 31 నుంచి 1977 నవంబరు 13 వరకు 80 ఎపిసోడ్లు ప్రసారమయ్యాయి.

కథలోని ఊరు వాల్మింగ్టన్-ఆన్-సీ, ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్నట్టు కల్పించినది. చిత్రీకరణ మాత్రం నార్‌ఫోక్‌లో, సముద్రం కనుచూపు మేరలో లేని థెట్‌ఫర్డ్ పట్టణంలో, దాని చుట్టుపక్కల జరిగింది. కారణం పక్కనే ఉన్న స్టాన్‌ఫర్డ్ సైనిక శిక్షణ ప్రాంతం. 1942లో కొన్ని గ్రామాలను పూర్తిగా ఖాళీ చేయించి సైన్యం తీసుకున్న ఆ భూమిలో విద్యుత్ స్తంభాలూ కొత్త ఇళ్ళూ అడ్డం రావు కనుక యుద్ధకాలపు దృశ్యాలు తీయడానికి అనువుగా ఉండేది. ప్రతి ఎపిసోడ్ చివరలో దళమంతా తుపాకులు పట్టుకుని చెట్ల మధ్య నడిచి వచ్చే దృశ్యం తీసింది అక్కడే. సైన్యం ఇప్పటికీ వాడుతున్నందున మామూలు సందర్శకులను లోపలికి అనుమతించరు; దానికోసం వెళ్ళి నిరాశపడవద్దని ముందే చెబుతున్నాను.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి బయలుదేరి ఈలీలో బండి మారి థెట్‌ఫర్డ్ చేరాలి. రెండో బండి ఆలస్యం కావడంతో మేము 40 నిమిషాలు గాలికి వణుకుతూ ప్లాట్‌ఫాం మీదే నిలబడవలసి వచ్చింది, ఆ ఆలస్యాన్ని ముందుగా చెప్పినవారు లేరు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఫ్లాస్కులో వేడి వేడి కాఫీ, ఒక శాలువా దగ్గర పెట్టుకోవడం మేలు. థెట్‌ఫర్డ్ స్టేషను చెకుముకి రాళ్ళతో కట్టిన చిన్న పాత భవనం. బయటికి వచ్చాక ఊరి నడిబొడ్డుకు నడిచే వెళ్ళవచ్చు.

బస విషయంలో మాకు కొంత ఇబ్బంది కలిగింది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి కనుక కింది అంతస్తులో గది కావాలని రెండు నెలల ముందే రాసి, సరేనని జవాబు కూడా తీసుకున్నాము. తీరా వెళ్ళేసరికి మాకు కేటాయించిన గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఆ అతిథి గృహం యజమానురాలు పదేపదే క్షమాపణ చెప్పి, సామాను తానే మోసి, మరునాడు ఉదయం గది మార్చింది. ఉదయపు ఫలహారంలో శాకాహారులకు వేయించిన పుట్టగొడుగులు, టమాటాలు, బ్రెడ్డు దొరికాయి, వాటిని మాంసం తగలకుండా విడి పెనం మీద చేసి ఇచ్చింది. పక్క దుప్పట్లు మల్లెపూవుల్లా ఉన్నాయి, రాత్రి నిశ్శబ్దంగా ఉంది. అయినా మోకాళ్ళు నొప్పులున్నవారు ఇలాంటి పాత ఇళ్ళలో గది తీసుకునేటప్పుడు ఉత్తరం మీద భరోసా పెట్టుకోకుండా, బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి మళ్ళీ అడగాలి.

చిత్రీకరణ రోజుల్లో నటులు బస చేసినది బెల్ హోటల్లో. గుర్రపు బండ్ల కాలం నాటి సత్రం అది. మేము అక్కడ దిగలేదు కానీ, శనివారం మధ్యాహ్నం వెళ్ళి టీ తాగి వచ్చాము. లోపలి దూలాలు తక్కువ ఎత్తులో ఉన్నాయి, నాన్నగారు తల వంచి నడవవలసి వచ్చింది. మ్యానరింగ్‌గా నటించిన ఆర్థర్ లోవ్, అతని సార్జెంట్ విల్సన్‌గా నటించిన జాన్ లె మెజరియర్ షూటింగు ముగించుకుని వచ్చి కూర్చున్న ఇల్లు ఇది అనుకుంటే, సాదా టీ కూడా నాకు రుచిగానే అనిపించింది. లె మెజరియర్ యుద్ధకాలంలో సైనికాధికారిగా అప్పటి అవిభక్త భారతదేశంలోనే, వాయవ్య సరిహద్దు ప్రాంతంలో పనిచేశాడు. రచయితలు పెర్రీ, క్రాఫ్ట్ ఇద్దరూ సైనికులుగా భారతదేశంలో ఉన్నవారే.

బెల్‌కు దగ్గరలోనే నది ఒడ్డున కెప్టెన్ మ్యానరింగ్ కంచు విగ్రహం ఉంది. శిల్పి షాన్ హెడ్జెస్-క్విన్. 2010 జూన్‌లో ఆవిష్కరించారు. ఎత్తైన పీఠం ఏమీ లేదు. ఒక మామూలు బెంచీ మీద, మోకాళ్ళపై చేతికర్ర అడ్డంగా పెట్టుకుని, వీపు నిటారుగా నిలిపి కూర్చున్నాడు. పక్కన మనం కూర్చోవడానికి చోటు వదిలారు. అక్కడికి వెళ్ళే ఇటుకల దారి మెలికలు తిరిగి, ధారావాహిక మొదట్లో పటం మీద కదిలే బ్రిటిష్ జెండా బాణంలాగా ముగుస్తుంది. నాన్నగారు కాసేపు విగ్రహం ముందే నిలబడి గుండ్రటి కళ్ళద్దాలనూ, బిగించిన పెదవులనూ, టోపీ సరిగ్గా కూర్చున్న తీరునూ పరిశీలించారు. తర్వాత రుమాలు తీసి, బెంచీ మీది వాన చుక్కలతోపాటు మ్యానరింగ్ భుజం మీద పక్షి రెట్టను కూడా తుడిచి, అప్పుడు పక్కన కూర్చున్నారు. ఫొటో తీస్తానంటే చొక్కా పైగుండీ పెట్టుకున్నారు. ఈ యాత్రలో ఒక్క చోటే చూసే వీలుంటే, నేను ఈ బెంచీనే చూడమంటాను.

డాడ్స్ ఆర్మీ మ్యూజియం గిల్డ్‌హాల్ వెనుక, కేజ్ లేన్‌లోని పాత అగ్నిమాపక కేంద్రంలో ఉంది. గిల్డ్‌హాల్ భవనమే తెర మీద వాల్మింగ్టన్ టౌన్‌హాలుగా కనిపించింది. మ్యూజియాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు 2007 డిసెంబరులో ప్రారంభించి ఇప్పటికీ నడుపుతున్నారు, ప్రవేశ రుసుము లేదు, హుండీలో ఎవరికి తోచినది వారు వేయవచ్చు. అన్ని రోజులూ తెరవరు కనుకనే మేము శనివారం చూసుకుని వెళ్ళాము. చిన్న గదులు, గోడల నిండా ఫొటోలు, మ్యానరింగ్ కార్యాలయపు నమూనా. అక్కడి పెద్దాయన ఒకరు, నాన్నగారు బ్యాంకు మేనేజరని తెలిసిన వెంటనే, మమ్మల్ని ఆ బల్ల దగ్గరికి తీసుకువెళ్ళి, ఏ వస్తువు ఎందుకు ఎక్కడ పెట్టారో పావుగంట సేపు ఓపికగా వివరించాడు. డబ్బు తీసుకుని చూపించే చోట్ల ఇంత శ్రద్ధ నేను చూడలేదు.

దళంలో లాన్స్ కార్పొరల్ అయిన మాంసం వ్యాపారి జోన్స్ వ్యాను ఇక్కడ కాదు, దగ్గరలోని చార్ల్స్ బరెల్ మ్యూజియంలో ఉంది. అది 1935 నాటి ఫోర్డు. రంగుల్లో తీసి 1969 సెప్టెంబరులో ప్రసారం చేసిన మొదటి ఎపిసోడ్‌లో ఆ వ్యానును సైనిక వాహనంగా మార్చి, పక్కల్లోనూ కప్పు మీదా కన్నాలు చేసి, వాటిలోంచి తుపాకులు బయటికి పెట్టడం సాధన చేస్తారు. చూసినప్పుడల్లా కడుపుబ్బ నవ్వే ఆ దృశ్యంలోని బండి ముందు నిలబడితే, ఇంత చిన్న పెట్టెలో అంతమంది ఎలా పట్టారా అని ఆశ్చర్యం కలిగింది. డెబ్బై ఏళ్ళ ముసలి జోన్స్‌గా నటించిన క్లైవ్ డన్ వయసు అప్పటికి 50 కూడా నిండలేదు. నిజ జీవితంలో అతను గ్రీసులో జర్మన్లకు చిక్కి ఏళ్ళ తరబడి యుద్ధఖైదీగా గడిపాడు.

నాకు ఈ ధారావాహిక మీద ఇంత ప్రేమ ఎందుకో చెప్పడానికి ఇక్కడే కొంచెం ఆగుతాను. నవ్వు పుట్టించేది ఆ ముసలివాళ్ళ చాతకానితనం, వాళ్ళ పిరికితనం మాత్రం ఎన్నడూ కాదు. మాటిమాటికీ మూత్రవిసర్జనకు సెలవు అడిగే సాధుస్వభావి గాడ్‌ఫ్రే మీద 1969లోనే ఒక ఎపిసోడ్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తాను మనుషులను చంపడానికి ఒప్పుకోలేదని అతను చెప్పగానే, దళమంతా అతన్ని వెలివేస్తుంది. తరువాత పొగ నిండిన గుడిసెలోంచి మ్యానరింగ్‌ను బయటికి లాగి జబ్బుపడిన గాడ్‌ఫ్రేను చూడడానికి అందరూ ఇంటికి వెళ్తారు; మంచం పైన గోడకున్న ఫొటోలో అతని రొమ్ము మీద శౌర్య పతకం కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధభూమిలో గుళ్ళవాన మధ్య క్షతగాత్రులను మోసుకువచ్చినందుకు ఇచ్చినది అది. ఆ పాత్ర వేసిన ఆర్నల్డ్ రిడ్లీ 1916లో అదే సోమ్‌లో తీవ్రంగా గాయపడిన సైనికుడు. ఆ సంగతి తెలిశాక అతని వణికే చిరునవ్వును నేను మునుపటిలా చూడలేకపోయాను. మ్యూజియంలో అతని ఫొటో దగ్గర నాన్నగారు కూడా చాలాసేపు ఉన్నారు.

థెట్‌ఫర్డ్‌లో మన వాళ్ళకు ఆసక్తి కలిగించేది మరొకటి, నదిలోని బటెన్ ద్వీపం మీద సిక్కు రాజ్యపు చివరి పాలకుడు మహారాజా దులీప్ సింగ్ అశ్వారూఢ విగ్రహం. ఆయన నివసించిన ఎల్వెడెన్ ఇక్కడికి దగ్గరే. చెకుముకి రాళ్ళ ఇళ్ళ వరుస నెదర్ రోకు నడిచి వెళ్తూ చూసుకున్నాము.

ఆదివారం బ్రెస్సింగ్‌హామ్ స్టీమ్ మ్యూజియానికి వెళ్ళాము. సుమారు 15 మైళ్ళ దూరం. మాకు అనువైన బస్సు లేక టాక్సీ మాట్లాడుకుంటే, రానూపోనూ ఖర్చు ప్రవేశ టిక్కెట్లను మించింది. కారున్నవారికి ఈ బెంగ లేదు. అక్కడ వాల్మింగ్టన్ వీధినే ఒక షెడ్డులో కట్టి పెట్టారు: జోన్స్ మాంసం దుకాణం, అంత్యక్రియల వ్యాపారి ఫ్రేజర్ అంగడి, బ్యాంకు. బొమ్మల మీద దుమ్ము కొంచెం ఎక్కువగా ఉంది, దీపాల వెలుగు తక్కువ. థెట్‌ఫర్డ్‌లోలాగా మాట్లాడి వివరించే మనుషులు మాకు ఎదురుపడలేదు. ఆవిరి ఇంజన్లు, తోటలు చాలా బాగున్నాయి, పిల్లలతో వెళ్ళేవారికి రోజంతా గడుస్తుంది. డాడ్స్ ఆర్మీ కోసం మాత్రమే వెళ్ళేవారికి ఒక గంట చాలు.

సోమవారం నారిచ్ మీదుగా షెరింగ్‌హామ్ చేరి, అక్కడ నార్త్ నార్‌ఫోక్ రైల్వే వారి ఆవిరి బండి ఎక్కి వేబోర్న్‌లో దిగాము. 1973లో వచ్చిన ‘ది రాయల్ ట్రెయిన్’ ఎపిసోడ్‌ను ఈ స్టేషనులోనే తీశారు. ఆరో జార్జి రాజు ప్రయాణించే రైలుకు వందనం సమర్పించడానికి దళమంతా ఇక్కడ వరుసలో నిలబడుతుంది. తోలు పెట్టెలు పేర్చిన తోపుడు బండి, నిప్పు గూటిలో బొగ్గు, వరండా కింద పూలకుండీలు, ఆ కాలం నాటి రేకు ప్రకటనలు చూస్తుంటే తెర మీద చూసిన చోటికి నిజంగా చేరామనిపించింది. అమ్మ కట్టి ఇచ్చిన పులిహోర అక్కడి బల్ల మీదే తిన్నాము. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు రోజంతా చెల్లుతుంది కనుక తొందర లేదు. సౌకర్యాల దృష్ట్యా, మెట్లు ఎక్కలేనివారికి మూడింటిలోనూ ఇక్కడే కొంత కష్టం, అవతలి ప్లాట్‌ఫాంకు వెళ్ళాలంటే పాదచారుల వంతెన ఎక్కవలసి వస్తుంది. నాన్నగారు ఎక్కలేదు, ఇవతలే ఉండిపోయారు.

మా బండి వస్తున్నట్టు సిగ్నలు చెయ్యి కదిలింది. దూరంగా పొగ కనిపించేసరికి నాన్నగారు బల్ల మీది నుంచి లేచి, చేతికర్రను చంకలో పెట్టుకుని, ప్లాట్‌ఫాం అంచుకు రెండడుగులు ఇవతల నిటారుగా నిలబడ్డారు. ఇంజను ఆయనను దాటుతున్నప్పుడు డ్రైవరు టోపీ ఎత్తాడు. నాన్నగారు కుడిచెయ్యి నుదుటికి చేర్చి, ఆఖరి పెట్టె ఆగేదాకా దించలేదు.