తొమ్మిదేళ్లుగా గ్రాంప్స్: మా ఇంటిపేరు, నాయినమ్మ పుట్టింటిపేరు

2016 ఎండాకాలంలో గ్రాంప్స్ అనే వంశవృక్షం ప్రోగ్రాం కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. ఇప్పటిదాకా అదే వాడుతున్నాను. పైసా ఖర్చు లేదు. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ, మాక్‌లోనూ నడుస్తుంది. మనం ఎక్కించిందంతా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. అంతకుముందు ఒక ఫోన్ యాప్‌లో ఏడాదిపాటు వివరాలు ఎక్కించాను. ఒకరోజు అది తెరుచుకోవడం మానేసింది. అరవై మంది పేర్లు దాంతోపాటే పోయాయి. మళ్లీ అడిగి రాసుకుందామని వెళ్లేసరికి, చెప్పినవాళ్లలో ఇద్దరు కాలం చేశారు. ఆ దెబ్బ తిన్నాక, నా దగ్గర ఫైలు ఉండని పద్ధతి దేన్నీ నమ్మలేదు.

మాది నల్లగొండ జిల్లా చండూరు పక్కన ఊరు. పద్మశాలీలం, నేతవాళ్లం. ఇంటిపేరు చిలుకూరి. నాయినమ్మది గంజివారి పుట్టినిల్లు. పెళ్లయి వచ్చిన నాటినుంచి ఓటరు లిస్టులో, రేషన్ కార్డులో, పింఛను పుస్తకంలో అంతటా ఆమె చిలుకూరి ఆడపడుచులాగే ఉంది. గంజి అన్న రెండక్షరాలు ఏ కాగితం మీదా లేవు. తాత వైపు ఐదు తరాలు చెప్పగలిగిన మా ఇంట్లో, నాయినమ్మ తల్లి పేరు అడిగితే మా నాన్నకే తెలియదు. నేను ఈ పని మొదలుపెట్టింది అందుకే.

గ్రాంప్స్‌లో ఒక మనిషికి ఎన్ని పేర్లయినా ఇవ్వొచ్చు. పుట్టినప్పటి పేరు ఒకటి, పెళ్లయ్యాక వచ్చింది ఒకటి, ఊళ్లో పిలిచేది ఇంకొకటి. వీటిలో ఏది ముందు కనిపించాలో మనమే నిర్ణయించుకోవచ్చు. నేను నాయినమ్మను గంజి ఆడబిడ్డగా ముందు పెట్టి, చిలుకూరి కోడలుగా రెండోది పెట్టాను. దానికి తోడు ఇంటిపేరు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే గడి కూడా ఉంది. అందులో ఊరు, వృత్తి, తండ్రి పేరు ఇలా కొన్ని రకాలుంటాయి. మన ఇంటిపేర్లకు ఇది అతికినట్టు సరిపోతుంది. గంజికి వృత్తి అని పెట్టాను. ఎందుకంటే ఆమె మాట ఇదీ: "తాగే గంజి గాదు బిడ్డా, పడుగుకు పెట్టే గంజి. మా తాత గంజి పెడితే దారం తీగె లెక్క నిలవడేది." ఈ మాట చెబుతూ తన చెయ్యి చూపించింది. ఎడమచేతి చూపుడువేలి మీద, దారం కోసీ కోసీ పడ్డ సన్నటి గాడి. గోరింటాకు పెట్టినా ఆ గాడిలోకి రంగు ఎక్కేది కాదు. అది ఆసు పోసిన వేలు. ఆసు అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం, ఒక్క చీరకు తొమ్మిదివేల సార్లు తిప్పాలి. ఆలేరు దిక్కు శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా నాయినమ్మ భుజాలకు ఆ యంత్రం అందలేదు.

చిలుకూరి ఊరిపేరే అనుకుంటున్నాను. కాని ఏ చిలుకూరు? కోదాడ దగ్గర ఒకటి ఉంది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. బాలాజీ గుడి ఉన్న మొయినాబాద్ చిలుకూరు ఇంకొకటి. మా పెద్దలు కోదాడ దిక్కునుంచే వచ్చినమని అంటారు. ఆధారం దొరకలేదు కాబట్టి రెండు ఊర్లనూ స్థలాల్లో పెట్టి, మొదటిదానికి వాళ్ల మాటను జతచేశాను.

తేదీల దగ్గరే ఈ ప్రోగ్రాం నా మనసు గెలుచుకుంది. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు మన ఊళ్లలో ఎవరి పుట్టినరోజు ఎవరు రాశారు? నాయినమ్మ ఆధార్ కార్డు మీద 1936 జనవరి 1 ఉంది. నమోదుకు వెళ్లినరోజు నోటికొచ్చిన సంవత్సరం అది. అదే ఆమెను అడిగితే, "పోలీసు యాక్షన్ నాడు నాకు పాలపళ్లు ఊడుతున్నయి, ఊడిన పన్ను కప్పు మీదికి ఇసిరి అందరం చేన్లకు ఉరికినం" అంది. పోలీసు చర్య, అంటే నిజాం రాజ్యంలోకి భారత సైన్యం దిగింది, 1948 సెప్టెంబరులో. పాలపళ్లు ఊడే ఈడు ఆరేడేళ్లు. అంటే 1941 ప్రాంతం. గ్రాంప్స్‌లో తేదీకి 'సుమారు', 'ముందు', 'తర్వాత', 'ఈ రెండింటి మధ్య' అని పెట్టుకోవచ్చు. ఒకే మనిషికి రెండు జనన వివరాలు కూడా రాయొచ్చు, ఒక్కోదానిమీద మనకు ఎంత నమ్మకమో ఐదు మెట్లలో చెప్పొచ్చు. ఆధార్‌కు 'తక్కువ' పెట్టాను. పాలపళ్ల మాటకు అన్నిటికన్నా పై మెట్టు పెట్టాను. మా పెదనాన్న పుట్టుక కూడా అలాగే తేలింది. సాగర్ డ్యాంకు నెహ్రూ పునాదిరాయి వేసిన చలికాలమే కాన్పయిందట, అంటే 1955 డిసెంబరు అటూఇటూ.

ఆధారాల జాబితాలో భూమి కాగితాల పక్కనే 'నాయినమ్మ నోటిమాట' అని ఒక ఆధారం తయారుచేసుకున్నాను. ఇప్పటికి రెండువందలకు పైగా వివరాలు దానికి ముడిపడి ఉన్నాయి. ఫోన్‌లో రికార్డు చేసిన ఆమె మాటల ఫైళ్లు కూడా ఆయా మనుషుల పేర్లకే తగిలించాను. తన చిన్నప్పుడు పద్మశాలీలకు కథలు చెప్పే కూనపులివాళ్లు బజార్లో బొమ్మల పటం విప్పి, మార్కండేయ పురాణం కథ చెబుతూ, ప్రతి ఇంటి గోత్రం, ఇంటిపేరు అడిగి పాడిన సంగతి ఒకదాంట్లో ఉంది. "మా నాయిన పేరు పాటల ఇనంగనే నాకు ఏడుపొచ్చింది" అంటుంది అందులో.

ఇక ఇబ్బందులు. ఇస్లామీ క్యాలెండరు ఇచ్చారు గాని, పాత రెవెన్యూ కాగితాల్లో వాడిన ఫస్లీ సంవత్సరాల లెక్క లేదు. నిజాం రాజ్యపు కాగితాలతో పనిచేసేవాళ్లకు అదే ముఖ్యం. మా ట్రంకుపెట్టెలో దొరికిన ఉర్దూ రసీదు మీద ఫస్లీ 1347 అని ఉంది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే ఫస్లీకి 590 కలపాలి. హైదరాబాద్ రాజ్యంలో ఫస్లీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి 591. అందుకని '1937, 1938 మధ్య' అని రాసి, అసలు అంకెను నోట్‌లో పెడుతున్నాను. ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు, అందుకే మా ఇంటిపేరును చదివిపెట్టిన మాస్టారు మొదట చల్కోరి అన్నారు. రసీదులో ఉన్నది తాత తండ్రి పేరేనని మిగతా వివరాలతో పోల్చాకే నమ్మాను.

రెండోది మేనరికం. నాయినమ్మ తన కూతుర్ని తమ్ముడి కొడుక్కే ఇచ్చింది. అలా చిలుకూరి ఇంట పుట్టిన మా మేనత్త గంజివారి కోడలై, నాయినమ్మ వదిలి వచ్చిన ఇంటిపేరునే తెచ్చుకుంది. ఇలాంటి పెళ్లిని గ్రాంప్స్ ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది గాని, అచ్చు వేసే చార్టులో ఆ పెద్దలే రెండుచోట్ల కనిపిస్తారు. వరసలు లెక్కగట్టే సాధనం పెదనాన్న కొడుకునూ మేనబావనూ ఒకే ఇంగ్లీషు మాటతో 'కజిన్' అనేస్తుంది. అన్న ఎవరో, బావ ఎవరో తెలియకపోతే మనకు అది వరసే కాదు. నేను చేత్తో నోట్ రాసుకుంటున్నాను.

ఇంటిపేరు ముందు వచ్చేలా, మధ్యలో కామా లేకుండా, పేరు కనిపించే తీరును సెట్టింగ్స్‌లో ఒకసారి మార్చుకుంటే చాలు. బతికున్నవాళ్ల వివరాలు తీసేసి ఇతరులకు ఫైలు పంపే వీలుంది, పెళ్లి సంబంధాల ఇళ్లలో ఇది చాలా అవసరం. నెలకోసారి ఫొటోలు, రికార్డింగులతో కలిపి బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేస్తాను. 2021లో లాప్‌టాప్ చెడిపోయినప్పుడు కొత్తదాంట్లో అరగంటలో అంతా తిరిగి వచ్చింది.

నాయినమ్మ 2019లో పోయింది. ఆమె తమ్ముడి కుటుంబం షోలాపూర్‌లో ఉంటుంది, అక్కడి పిల్లలు మరాఠీ పద్ధతిలో తండ్రి పేరు మధ్యలో, గంజి చివర రాసుకుంటారు. అందరూ చెట్టులోకి వచ్చేశారు. ఒక్క గడి మాత్రం నిండలేదు. 2018 రికార్డింగులో ఆమె తన అమ్మమ్మ పేరు చెబుతుండగా పక్కింటి మగ్గం ఆడింది. చెవికి పెట్టుకుని ఎన్నిసార్లు విన్నా, 'మల్ల' అన్నదాకా వినిపించి మిగతాది ఆ టకటకలో కలిసిపోతుంది. పోయిన నెల ఆ ముక్కను షోలాపూర్‌లో ఉన్న నాయినమ్మ చెల్లెలికి పంపాను. అక్క గొంతు విని చాలాసేపు మాట్లాడలేకపోయిందట. మళ్లీ విని చెబుతానంది.