ఐ-80 (ఇంటర్‌స్టేట్ 80) హైవే మీద న్యూజెర్సీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకి, స్నేహితుల ఇళ్లే మజిలీలుగా: కొన్నేళ్లు తిరిగాక నా సమీక్ష

అమెరికాని తూర్పు నుంచి పడమరకి కారులో దాటాలనుకునేవాళ్లు చాలామంది ఏ నేషనల్ పార్క్ మీదుగా పోవాలా అని మ్యాప్ తీస్తారు. మా ఇంట్లో మాత్రం ముందు ఫోన్లు చేస్తాం. కాలేజీలో కలిసి చదివినవాళ్లు, ఈ దేశం వచ్చిన కొత్తలో ఒకే అపార్ట్‌మెంట్‌లో సర్దుకున్నవాళ్లు ఇప్పుడు తలో ఊళ్లో స్థిరపడ్డారు. క్లీవ్‌లాండ్ దగ్గర ఒకరు, చికాగో శివార్లలో ఇద్దరు, డెమోయిన్‌లో ఒకరు, ఒమాహాలో ఒకరు, తర్వాత సాల్ట్ లేక్ సిటీ, చివర్లో బే ఏరియాలోని ఫ్రీమాంట్. అందరూ ఐ-80కి అటో ఇటో దగ్గర్లోనే ఉన్నారు. పిల్లలు చిన్నప్పటినుంచి వీలైన వేసవిలో ఈ దారి పట్టి వెళ్తున్నాం. చూడ్డానికైతే ఐ-80 సాదాసీదా రోడ్డే. కొలరాడో కొండలు కావాలంటే ఐ-70 మేలు, అరిజోనా ఎడారులు కావాలంటే ఐ-40 మేలు. మనుషుల్ని కలవడానికి మాత్రం నాకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు.

న్యూజెర్సీలోని టీనెక్ దగ్గర మొదలై శాన్‌ఫ్రాన్సిస్కోలో ముగిసే ఈ రోడ్డు దాదాపు 2,900 మైళ్లు. 11 రాష్ట్రాలు తగులుతాయి. ఇద్దరు డ్రైవర్లుంటే ఐదు రోజుల్లో దాటేయొచ్చు. మేం రెండు వారాలు పెట్టుకుంటాం. పెన్సిల్వేనియాలో 300 మైళ్లు దాటి ఉన్నా, ఆ రాష్ట్రంలోకి వచ్చే డెలావేర్ నది వంతెన దగ్గర తప్ప ఐ-80కి టోల్ లేదు, కానీ చీకటి పడే వేళ జింకలు రోడ్డు మీదకి వస్తాయి. అందుకే ఆ భాగాన్ని పగటిపూటే పూర్తిచేస్తాం. ఒహాయో, ఇండియానాల్లో టోల్ రోడ్డు. కారుకి పెట్టుకుంటే టోల్ దానంతటదే కట్ అయ్యే ఈజీపాస్ ట్యాగ్ ఒక్కటి ఇల్లినాయి దాకా పనిచేస్తుంది. ఆ తర్వాత కాలిఫోర్నియా బ్రిడ్జిల దాకా టోల్ గొడవే ఉండదు.

ఈ ప్రయాణంలో ప్లాన్ అంతా నిలబడేది టైమ్ జోన్ల మీద. పడమరకి వెళ్తుంటే దారిలో మూడుసార్లు గడియారం వెనక్కి జరుగుతుంది: ఇండియానా చివర్లో ఒకసారి, నెబ్రాస్కాలో నార్త్ ప్లాట్ దాటాక ఒకసారి, నెవాడాలో అడుగుపెట్టి వెస్ట్ వెండోవర్ దాటగానే ఇంకోసారి. క్లీవ్‌లాండ్‌లో తీరిగ్గా టిఫిన్ తిని 9 గంటలకి బయల్దేరి, మధ్యలో రెండుచోట్ల ఆగినా, చికాగో చేరేసరికి అక్కడ మధ్యాహ్నం 3 అవుతుంది. మనం స్నానం చేసి కూర్చునేసరికి వాళ్లు ఆఫీసు పని ముగించుకుంటారు. అదే తిరుగు ప్రయాణంలో 9కి బయల్దేరితే చేరేసరికి 5 అవుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే పిల్లల్ని ఆకలితో కూర్చోబెట్టి మనకోసం ఎదురుచూస్తుంటారు. "పర్లేదు అన్నయ్యా, మెల్లగా రండి" అంటారు గానీ, ఆ ఎదురుచూపు వాళ్లకి కష్టమే.

రెండో నియమం, ఒక్కో ఇంట్లో రెండు రాత్రులు. దీనిమీద మా ఆవిడా నేనూ ఎప్పుడూ రాజీపడం. ఒక్క రాత్రే ఉంటే సామాను దించడం, పక్కలు వేయడం, వంటల హడావుడి, మళ్లీ పొద్దున్నే సామాను ఎక్కించడం, ఇంతే మిగులుతుంది. మొదటిరోజు సాయంత్రం అందరం ఉద్యోగాలు, ఇళ్ల ధరలు, పిల్లల చదువులే మాట్లాడుకుంటాం. పిల్లలైతే తల్లుల వెనకే నిలబడతారు. మర్నాడు మధ్యాహ్నానికి వాళ్లు ఒకళ్లనొకళ్లు వదలరు. పెద్దవాళ్ల అసలు మాటలూ ఆ రెండో రాత్రే బయటికొస్తాయి.

డెమోయిన్ స్నేహితుడు వాళ్ల నాన్నగారు పోయారని ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు. వెళ్తే తిరిగి రావడానికి కావాల్సిన వీసా స్టాంపింగ్ ఇబ్బంది వల్ల చివరిచూపుకి వెళ్లలేకపోయాడు. తర్వాత మేం వాళ్లింటికి వెళ్లినప్పుడు మొదటిరోజు ఆ ఊసే ఎత్తలేదు. నేనూ అడగలేదు. రెండో రాత్రి అందరూ పడుకున్నాక వాడు సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాడు, నేను తుడిచి సర్దుతున్నాను. కుక్కర్ మూత చేతిలో పట్టుకుని, "నాన్న చివర్లో నా పేరే పిలిచాడట రా" అన్నాడు. కుళాయి కట్టేసి అక్కడే నిలబడి చాలాసేపు మాట్లాడాడు. మేం ఆ పొద్దున్నే బయల్దేరి ఉంటే వాడు ఆ మాట ఎవరితో చెప్పుకునేవాడో నాకు తెలీదు. అందుకే మొత్తం సెలవులు తక్కువైతే ఊళ్లు తగ్గించుకుంటాం గానీ రాత్రులు తగ్గించం.

ఒమాహా తర్వాత సంగతి వేరు. అక్కణ్ణుంచి సాల్ట్ లేక్ సిటీకి 900 మైళ్లకి పైనే. దారిలో మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. వయోమింగ్‌లోని షయెన్‌లో ఒక రాత్రి మోటెల్‌లో పడుకుంటాం. ఒమాహా స్నేహితుడికి కార్ల మీద శ్రద్ధ ఎక్కువ. మేం బయల్దేరే పొద్దున డ్రైవ్‌వేలో గొంతుక్కూర్చుని గేజ్‌తో నాలుగు టైర్లూ చూస్తాడు. డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో ఉన్న అంకెకి ఒక్కటి తగ్గినా ఒప్పుకోడు, పంపు తెచ్చి గాలి కొట్టేదాకా కదలనివ్వడు. వదిన ఈలోపు పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టి ఇస్తుంది. నెబ్రాస్కాలో ఎక్కువ దూరం ప్లాట్ నది పక్కనే రోడ్డు సాగుతుంది. కెర్నీ దగ్గర రోడ్డుకి అడ్డంగా, పైన వంతెనలా కట్టిన మ్యూజియం కిందనుంచి వెళ్తాం. పిల్లలకి ప్రతిసారీ అదొక పండగే. అక్కడ ఆగి పులిహోర తినేస్తాం.

వయోమింగ్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. షయెన్, లారమీల మధ్య షెర్మన్ సమ్మిట్ దగ్గర ఈ రోడ్డు 8,640 అడుగుల ఎత్తుకి చేరుతుంది. ఐ-80 మొత్తంలో అదే ఎత్తైన చోటు. లారమీ నుంచి రాలిన్స్ దాకా గాలి ఎలా ఉంటుందంటే, కారు పైన రూఫ్ బాక్స్ ఉంటే స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాల్సిందే. చలికాలంలో మంచుకీ గాలికీ ఇక్కడ రోడ్డు తరచూ మూసేస్తారు. అందుకే జూన్‌కి ముందు, సెప్టెంబర్ తర్వాత మేం ఈ దారి జోలికి పోం. ఇంకో సంగతి, ఈ ఎత్తు ప్రాంతాల్లో చాలా బంకుల్లో రెగ్యులర్ పెట్రోల్ అంటే 85 ఆక్టేన్ (పెట్రోల్ రకాన్ని చెప్పే అంకె). మన కార్ల మాన్యువల్‌లో సాధారణంగా కనీసం 87 అని ఉంటుంది. పంపు మీద అంకె చూసి నొక్కండి.

సాల్ట్ లేక్ దాటాక తెల్లటి ఉప్పు మైదానాలు, నిటారుగా సాగే రోడ్డు. బోన్‌విల్ రెస్ట్ ఏరియాలో దిగి ఉప్పు మీద నడవొచ్చు. అద్భుతంగా ఉంటుంది, చెప్పులు మాత్రం కడుక్కోవాలి. నెవాడాలో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఎల్కో, విన్నెముక్కాల్లో ట్యాంకు సగమున్నా నింపేస్తాం. రీనోలో ఒక రాత్రి ఆగి, మర్నాడు డానర్ సమ్మిట్ దాటి మధ్యాహ్నానికి ఫ్రీమాంట్ చేరతాం.

నచ్చనివీ ఉన్నాయి. లారీల రద్దీ విపరీతం, ముఖ్యంగా అయోవాలో, వయోమింగ్‌లో. వేసవంతా ఎక్కడో ఒకచోట రోడ్డు పనులు జరుగుతూనే ఉంటాయి. శాకాహారులకి ఒమాహా నుంచి సాల్ట్ లేక్ దాకా దారిలో చెప్పుకోదగ్గ భోజనం దొరకదు. చిన్న రైస్ కుక్కర్ ఒకటి కారులో ఉంటే ఆ దిగులు ఉండదు. ఒకసారి మోటెల్‌లో బుక్ చేసుకున్న రూమ్ వేరేవాళ్లకి ఇచ్చేసి అర్ధరాత్రి మమ్మల్ని బయట నిలబెట్టారు. అప్పటినుంచి బయల్దేరేముందు ఫోన్ చేసి రూమ్ ఉందని మళ్లీ అడుగుతాం.

స్నేహితులకి తేదీలు రెండు నెలల ముందే చెప్పండి. శనివారం ఏ ఊళ్లో పడాలో ముందు తేల్చుకోండి. మాకది చికాగో, ఎందుకంటే అక్కడ రెండు కుటుంబాల్నీ ఒకే పూట కలవొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు అన్ని ఇళ్లలోనూ మళ్లీ ఆగాలనుకోకండి. మేం ఎవరింట్లో ఈసారి సరిగా కూర్చోలేకపోయామో వాళ్ల దగ్గరే ఆగుతాం, మిగతా రాత్రులు మోటెళ్లలో గడిపి ఇల్లు చేరతాం.