కాటిసీనా, రాయబారమా, శకుంతల వీడ్కోలా: వేదిక మీద ఏది మేలు?

తిరుపతిలోనో చిత్తూరులోనో పది నిమిషాల ఘట్టం వేద్దామనుకునేవాళ్లు ముందు వేషాలు, హార్మోనియం చూసుకుంటారు. అంతకన్నా ముందు చూడాల్సింది పద్యంలోని అలంకారం ఎలాంటి చోట పండుతుందన్నది.

కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో, శకుంతల అత్తవారింటికి బయలుదేరేటప్పుడు చెలికత్తె ప్రియంవద అనే మాట మూడింటిలోనూ సున్నితమైనది. లేళ్లు నోటిలోని దర్భలు వదిలేశాయి, నెమళ్లు ఆట మానేశాయి, తీగలు పండుటాకులను కన్నీళ్లలా రాలుస్తున్నాయి. మొదటి రెండూ కళ్లకు కనిపించేవి, మూడోది ఊహ. ఆ రెండూ నమ్మాం కాబట్టే ఉత్ప్రేక్షనూ, అంటే ఒకదాన్ని మరొకటిగా ఊహించడాన్నీ నమ్ముతాం. చిక్కల్లా భాషతోనే. మూలంలో అది ప్రాకృతం, పండితులు చదివేది దాని సంస్కృత ఛాయ, అంటే మాటకు మాటగా చేసిన సంస్కృత రూపం. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో వేస్తే సభ తలూపుతుంది. ఊరి మధ్య వేస్తే మూడో ముక్క చెవికి చేరేలోగానే శకుంతల నడిచి వెళ్లిపోతుంది.

రాయబారంలో కౌరవసభను కృష్ణుడు హెచ్చరించే ‘జెండాపై కపిరాజు’ పద్యం తీరు వేరు. ఇందులో పోలికే లేదు. జరగబోయే యుద్ధాన్ని కళ్లముందు పెట్టడమే దాని పని, ఆలంకారికులు దీన్నే భావికం అన్నారు. చూపు పైన జెండా దగ్గర మొదలై తెల్లగుర్రాల మీదికి, తోలే కృష్ణుడి మీదికి, చివరికి గాండీవం మీదికి దిగుతుంది. శార్దూల వృత్తం కాబట్టి మొదటి మూడు అక్షరాలూ గురువులే, అంటే బరువుగా పలికేవే: జెం, డా, పై. తాళం లేకపోయినా దెబ్బలా పడతాయి. ఎక్కువమంది తప్పేది విరుపులో. ‘జెండాపై కపిరాజు ముందు’ అని ఆపితే గుర్రాలు మాయమై, కపిరాజు ముందు ఇంకెవరో నిలబడినట్టవుతుంది. ‘కపిరాజు’ దగ్గర ఆగి, ‘ముందు సితవాజిశ్రేణియుం’ (ముందు తెల్లగుర్రాల వరుస) ఒక్క ఊపిరిలో చెప్పాలి. మన పల్లెల్లో పద్దెనిమిది రోజుల భారతం చూసి, చివరిరోజు మట్టి దుర్యోధనుణ్ణి కూల్చడం చూసే జనానికి ఈ బెదిరింపు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆరుబయలుకు ఇదే సరి.

అయితే భయం పుట్టించడం వేరు, గాలి మొత్తాన్ని మార్చేయడం వేరు. ఆ పని హరిశ్చంద్రుడు శ్మశానంలో నిలబడే కాటిసీనుది. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో నటులు చేర్చి పాడుతూ వచ్చిన జాషువా సీసపద్యంలో ఎవరూ చనిపోరు, గమనించండి. కవి బదులు కలం కరిగిపోతుంది, రాజు బదులు అధికారముద్ర, ఇల్లాలి బదులు నల్లపూసలు, చిత్రకారుడి బదులు కుంచె. శవం పేరెత్తకుండా శ్మశానం నిండిపోతుంది. నాలుగు పాదాలూ చేతికి తగిలే వస్తువులే పేర్చాక, సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో రూపకం, అంటే ఒకదాన్ని మరొకటేనని చెప్పడం, వస్తుంది: శివుడు గజ్జె కదిలించి ఆడే రంగస్థలం, మృత్యుదూత ఏలే భస్మసింహాసనం. రాజముద్ర పోయిన చోటే సింహాసనం వెలిసిందన్నమాట. రంగస్థలం అన్న మాట రంగస్థలం మీదే వినబడటం ఇంకో తమాషా.

దీన్ని పాడుచేసేది ఏడుపు. మొదటి పాదంలోనే గొంతు జీరబోతే భస్మసింహాసనానికి మిగిలేది ఏమీ ఉండదు. ప్రతి పాదం మొదట్లో వచ్చే ‘ఇచ్చోటనే’ని సాగదీయకండి; గంటలాగా ప్రతిసారీ ఒకే ఎత్తున, పొట్టిగా పడాలి. సాగదీత కావాలంటే వస్తువు పేరు మీద, అదీ నల్లపూసల దగ్గర ఒక్కచోటే. రాగాలాపన పాదం చివరికి తోసేయండి, హార్మోనియం మాట మీదికి రాకుండా చూడండి. ‘వన్స్‌మోర్’ అరిచినా సీసం తిరిగి ఎత్తుకోవద్దు, రెండోసారికి జనం రాగమే వింటారు.

తిరుపతి మహతి ఆడిటోరియం లాంటి మూసిన హాల్లో, దీపాలు తగ్గించుకునే వీలుంటే నా ఓటు కాటిసీనుకే. మైకు నాసిరకం, పక్కన రోడ్డు, పిల్లల గోల అయితే రాయబారం ఎంచుకోండి. శాకుంతలాన్ని తెలుగులోకి మార్చి వేయాలని పట్టుదలగా ఉంటే తీగల వాక్యం ఒక్కటే ఉంచి, లేళ్లనూ నెమళ్లనూ నటనకు వదిలేయొచ్చు.